సెల్వరాణి ఒంటిగా రమ్మంది

ఒంటిగా రమ్మందట. ఆ మాట చెప్పి దొరైసామి అన్న మళ్ళీ త్రాసు వైపు తిరిగిపోయాడు. పొద్దున ఏడింటికి విరుదునగర్ ఆస్పత్రి పక్కనున్న టెలిఫోన్ బూత్ నుంచి సెల్వి తల్లి రోసమ్మాళ్ ఆయన దుకాణానికి ఫోన్ చేసిందనీ, కూతురు చెప్పమన్నది చెప్పి పెట్టేసిందనీ, "సెల్వి నిన్ను చూడాలంటాదంట, ఈ పొద్దే రావాలంట, ఒంటిగా రావాలంట" అని అప్పజెప్పి ఆయన చేతులు దులుపుకున్నాడు. మారీశ్వరి మాత్రం మధ్యాహ్నం రెండింటి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక కూడా ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకుంటోంది. చూడాలంటే సరే, చూడాలనే ఉంటుంది. ఈ పొద్దే అంటే, మనిషి మంచంలో పడి పదకొండు రోజులైంది, తోచక పిలిచి ఉంటుంది. ఒంటిగా ఎందుకు? పోయిన ఆదివారం ఫుట్‌బాల్ టీమ్ పిల్లలంతా గుంపుగా వెళ్ళొచ్చారు, సెల్వి నవ్విందనీ, కట్టు మీద అందరి చేతా సంతకాలు పెట్టించుకుందనీ చెప్పారు, మారీ అక్క రాలేదేమని అడిగిందనీ చెప్పారు, జ్వరమని చెప్పామన్నారు. జ్వరం లేదు. లేదని తన అమ్మకు తెలుసు, బహుశా సెల్వికీ తెలుసు. నలుగురి ముందు నవ్వే మనిషి ఒంటిగా రమ్మందంటే నలుగురి ముందు అడగలేనిదేదో అడగడానికే. ఆ అడిగేది ఏమిటో మారీశ్వరికి తెలుసు, అడిగితే ఏం చెప్పాలో తెలియదు, బస్సు ఊరి చివర పెట్రోలు బంకు దాటి నల్లరేగడి చేల మధ్యకు వచ్చేసింది.

సెల్వి కాలు విరిచింది తనే. అది అందరికీ తెలిసిందే, దాచిపెట్టిన మాటేమీ కాదు. ప్రాక్టీసులో ఇద్దరూ ఒకే బంతికి పోయారు, వాన పడిన నేల, మారీశ్వరి జారుతూ కాలు పెట్టింది, సెల్వరాణి ముణుకు కింద రెండు ఎముకలూ విరిగాయి. ఆటలో ఇవన్నీ ఉంటాయన్నాడు ఆట నేర్పే గురుసామి సారు. నువ్వేం చేస్తావే, ఆటలో దెబ్బ గదా అంది అమ్మ కాళియమ్మాళ్, అగ్గిపుల్లల మందు అంటిన వేళ్ళతో తల నిమురుతూ. వీధంతా అదే మాట. నీ తప్పు లేదు, నీ తప్పు లేదు. ఎవరు ఆ మాటన్నా మారీశ్వరి తలూపేది. ఒక్కరైనా తప్పు నీదే అని ఉంటే కాదని పోట్లాడి ఉండేది, పోట్లాడితే ఆ కాదు అన్నది కొంతైనా నిజమై ఉండేదేమో.

పక్క సీట్లో కూర్చున్న ఆమె అరుప్పుకోట్టై మనిషట, ఒళ్ళో నూలు కండెల మూట. ఎక్కడికమ్మా అని తమిళంలో అడిగింది. ఆస్పత్రికి. ఎవరికి బాగా లేదు? చెల్లెలికి, అంది మారీశ్వరి, అనేశాక ఆ మాట తనకే వింతగా తోచింది, చెల్లెలు కాదు, కాదా మరి, రెండిళ్ళ అవతలి పిల్ల, తనకన్నా ఏడాది చిన్నది, రైలు కట్ట పక్కన ఆ వీధిలో ఇద్దరి అమ్మలదీ ఒకే తీపెట్టి ఆపీసు, అగ్గిపెట్టెలు చేసేచోటును అక్కడందరూ ఆపీసనే అంటారు, నేల మీద బాసిపట్లేసుకుని పుల్లలు చట్రాల్లో పేర్చే పనే అయినా ఆపీసుకు పోతాండా అనుకుంటూ పోతారు. కాళియమ్మాళ్ మారియమ్మకు మొక్కేది, రోసమ్మాళ్ ఆదివారం చర్చికి పోయేది, రెండిళ్ళలోనూ మాట్లాడేది తెలుగే, గడప దాటితే తమిళం. ఆ తెలుగు బళ్ళో పనికిరాలేదు, బజారులో పనికిరాలేదు, ఆటలో పనికొచ్చింది. తిరునెల్వేలి పిల్లలతో ఆడినా మదురై పిల్లలతో ఆడినా వెనక నుంచి మారీశ్వరి "ఎడం పక్క ఒకతి వస్తాండాది చూడు" అని అరిచేది, ముందు నుంచి సెల్వరాణి "నాకొద్దు, ఎనక్కి ఏస్తా" అనేది, అవతలి వాళ్ళు తెల్లమొహాలు వేసేవాళ్ళు. గురుసామి సారుకు ఆ భాష ముక్క రాదు, మొదట్లో విసుక్కున్నాడు, తర్వాత టీమంతటికీ నాలుగు మాటలు నేర్పమన్నాడు. రా. పో. ఎనక్కి. ఇడిచెయ్. నాలుగో మాట దగ్గర మారీశ్వరి కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచింది. బయట చేలో ఎవరో ఆడవాళ్ళు వరసగా వంగి కలుపు తీస్తున్నారు, ఆ వంగిన నడుముల్ని లెక్కపెట్టింది, ఏడు, ఎనిమిది, బస్సు వాళ్ళను దాటేసింది.

మాల్టా అనే పేరు తమకు తెచ్చింది సిస్టర్ కార్మెలా. ముప్పై ఏళ్ళ కిందట ఆ దేశం నుంచి వచ్చి కోవిల్‌పట్టిలోనే ముసలిదైపోయిన చర్చి సిస్టరమ్మ, కుట్టు నేర్పే బడి నడిపేది, తమిళాన్ని తన ఊరి యాసలో విరుచుకుంటూ మాట్లాడేది. ఆమె అక్క కొడుకు అక్కడ ఆడపిల్లల ఫుట్‌బాల్ క్లబ్బు ఒకటి నడిపేవాడు, అది ఆ దేశపు లీగులో ఆడేది. ప్రపంచ పటంలో ఆ దేశం ఎక్కడుందో చూపించమంటే ఆమె వేలు పెట్టి చూపించింది, వేలు తీస్తే గానీ దేశం కనిపించలేదు, తీసినా సముద్రంలో ఈగ వాలినట్టు ఒక చుక్క. ఇంత చిన్న దేశంలో లీగేంది సిస్టర్ అని సెల్వి నవ్వింది. ఉంది, అన్నిటికన్నా పై లీగే, ఏడు టీములు, అన్నీ కలిపి రెండే మైదానాలు, శని ఆదివారాలు ఒకరి తర్వాత ఒకరు ఆడుకోవాలి, ముందు వాళ్ళ ఆట అయ్యేదాకా తర్వాతి వాళ్ళు గోడ పక్కన కూర్చోవాలి. ఆడే పిల్లల్లో ఒకతి రొట్టెల దుకాణంలో పని చేస్తుంది, ఒకతి నర్సు, ఒకతి టీచరు, చూడ్డానికి వచ్చేది అమ్మలూ అన్నలూ. అక్కడా నేల గట్టిదే, వాన తక్కువే, రాయి ఎక్కువే అని సిస్టర్ చెబుతుంటే అది కళుగుమలై అవతల ఏదో ఊరిలాగే తోచింది. అక్క కొడుకు పేపరు ముక్కలు కత్తిరించి పంపేవాడు, కుట్టుబడి వెనక గోడ మీద సుద్దతో ఆ ఏడు టీముల పట్టిక రాసుకునేవాళ్ళు, ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు, నెల ఆలస్యంగా తెలిసే ఆ గెలుపు ఓటముల కోసం ఇద్దరూ కొట్టుకున్నంత పని చేసేవాళ్ళు. సిస్టర్ వాళ్ళ క్లబ్బు ఐదో స్థానంలో ఉండేది, గోల్ కొట్టే పిల్ల లేదు దానికి, ఉన్న పిల్ల పెళ్ళి చేసుకుని మానేసింది. వాళ్ళకు మీరు కావాలి, అంది సిస్టర్ ఒక రోజు, ఇద్దరినీ చూస్తూ. ఇద్దరికీ మదురైలో పాస్‌పోర్టులు చేయించింది. మీరు అనే అంది. ఆ మాటలో ఇద్దరూ ఉన్నారు అప్పటికి.

తర్వాత క్యాసెట్ వెళ్ళింది. జిల్లా ఫైనల్ ఆటను తీయడానికి సారు పెళ్ళిళ్ళ వీడియో తీసే మనిషిని పట్టుకొచ్చాడు, అతనికి పెళ్ళి తప్ప ఇంకేమీ తీయడం రాదు, మొదట నాదస్వరం, చుట్టూ గులాబీల చట్రం, మధ్యలో రెండు టీముల పేర్లు, ఆ తర్వాత బంతి ఎక్కడుంటే అక్కడ కాకుండా ఎవరి మొహం బాగుంటే అక్కడ. సెల్వి కొట్టిన రెండు గోల్స్ పడ్డాయి దాంట్లో, రెండూ బాగా పడ్డాయి. ఆట ముగియడానికి ఐదు నిమిషాల ముందు గోల్‌కీపర్ ఖాళీ వదిలేసిన చోటుకు పరుగెత్తి గీత మీద నుంచి బంతిని తన్ని టీమును నిలబెట్టింది మారీశ్వరి, సారు ఆ తర్వాత నెల రోజులు దాని గురించే చెప్పుకున్నాడు, ఆ క్షణాన కెమెరా ముఖ్య అతిథిగారి మెడలో దండ వేయడం తీస్తోంది. కుట్టుబడిలో అందరూ కూర్చుని క్యాసెట్ చూస్తుంటే ఆ చోట పిల్లలంతా పకపకా నవ్వారు, మారీశ్వరి అందరికన్నా గట్టిగా నవ్వింది, నవ్వుతూనే ఉన్నట్టుండి తట్టింది, ఇదే వెళ్తుంది అక్కడికి, వాళ్ళు చూసేది ఇదే, నేను అక్కడ లేను. రెండు నెలలకు జవాబొచ్చింది. ఒక్కరే. ముందు ఆడే పిల్ల. టికెట్ వాళ్ళే పంపుతారు, బూట్లు ముందే పంపారు, తెల్లటి అడుగులున్న కొత్త బూట్లు, సెల్వి పాదాలకు అతికినట్టు సరిపోయాయి. ఆ రోజు సెల్వి జడలో పూలు పెట్టింది మారీశ్వరే. ఇంటింటికీ మిఠాయి పంచింది మారీశ్వరే. రాత్రి పడుకోబోతూ గోడకు తగిలించిన తన పాత బూట్ల వైపు చూడకుండా పడుకుంది, అది కూడా తెలుసు తనకు, చూడకూడదని అనుకునే చూడలేదు.

దాని తర్వాత మూడో రోజే ప్రాక్టీసు. పొద్దున వాన పడింది, మధ్యాహ్నానికి ఎండ వచ్చింది, మైదానం మీద పోసిన ఎర్ర గరప మట్టి ఒక మూలన కొట్టుకుపోయి కింది నల్లమట్టి తేలింది, సెల్వి బంతిని ఆ మూలకే నెట్టింది, నెట్టి... బస్సు గట్టిగా బ్రేకు కొట్టింది, నూలు మూట పక్కనామె ఒళ్ళోంచి జారి మారీశ్వరి పాదాల మీద పడింది. ముందు ఒక లారీ, దాని వెనక ఎర్ర గుడ్డ కట్టి ఉంది, లోపల అగ్గిపెట్టెల కట్టలున్నాయో టపాసుల మందుందో, రోడ్డు వెడల్పు చేసే పనికి ఒక పక్క తవ్వి పెట్టారు, లారీ కదలదు, బస్సు కదలదు. డ్రైవరు బీడీ పారేశాడు. అగ్గి అంటుకుంటే ఎంతసేపు పడుతుంది, ఆపీసులో ఒకసారి అంటుకుంది, మారీశ్వరి ఆరో తరగతి అప్పుడు, అమ్మ బయటపడింది, పక్కన కూర్చునే ఆమె బయటపడలేదు. ఎట్లా అంటుకుందని అడిగితే అక్కడున్న నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు, నిజంగా ఎవరి చేతిలోంచి నిప్పు లేచిందో ఆ మనిషికి తెలిసే ఉంటుంది, ఆ మనిషి కూడా అందరితో పాటు తలొంచుకుని నిలబడే ఉంటుంది. లారీ మెల్లగా కదిలింది. ఎర్ర గుడ్డ ఊగుతూ ముందుకు పోయింది.

ఈ రోడ్డు మీదనే తీసుకుపోయారు సెల్విని, సిస్టర్ వాళ్ళ వ్యానులో. తల తన ఒళ్ళో ఉంది. వ్యాను గుంతలో పడ్డప్పుడల్లా సెల్వి గొంతులోంచి ఏదో సన్నగా వచ్చేది, అది మనిషి గొంతులా లేదు, పళ్ళు కరుచుకుంటే నాలుక తెగుతుందని మారీశ్వరి తన చెయ్యి అందించింది, బొటనవేలి కింద కండ మీద పళ్ళ గాట్లు ఇప్పటికీ ఉన్నాయి, నాలుగు పైన, మూడు కింద. ఏడుస్తుంటే సెల్వి కళ్ళు తెరిచి చూసింది. "ఊరకుండే" అంది. అంతే. ఆ ఊరకుండే అన్నది ఎందుకన్నట్టు? ఓదార్పుగానా? నువ్వేడవకు, నీకు ఆ హక్కు లేదు అనా? పదకొండు రోజులుగా ఆ ఒక్క మాటను అటూ ఇటూ తిప్పి చూస్తోంది, ఒక్కోసారి ఒక్కోలా వినిపిస్తుంది. ఆస్పత్రిలో సారు అడిగాడు, సెల్వి ఏదో అందంటున్నారు పిల్లలు, నీకు వినబడలేదా అని. గాలి, సార్, అంది. వినబడలేదు సార్. ఆయన తలూపాడు. అంత సులభంగా అయిపోయింది.

ఇప్పుడు సంచిలో ఒక కాగితం కూడా ఉంది. పొద్దున దొరైసామి అన్న మాట చెప్పిన గంటకే సిస్టర్ పిలిపించింది, ఫ్యాక్సులో వచ్చిన కాగితం చేతిలో పెట్టింది. ముందు ఆడే పిల్ల రాలేకపోతే, నీలం రిబ్బను కట్టుకుని వెనక ఆడుతుందే ఆ పిల్లను పంపండి, ఎవరో ఒకరు వస్తే చాలు, మా దగ్గర పదకొండు మంది లేరు. నీలం రిబ్బను. అంటే కెమెరాలో ఎక్కడో ఒకచోట పడ్డాను. మొదట అనిపించింది అదే, సిగ్గు లేకుండా, అన్నిటికన్నా ముందు అనిపించింది అదే. సిస్టర్ కళ్ళజోడు తుడుచుకుంటూ చెప్పింది, సెల్వికి నువ్వే చెప్పు, నీ నోటితో వింటే సంతోషిస్తుంది, సంతకం పెట్టి రేపు పొద్దున పది లోపల నాకిస్తే తిరిగి ఫ్యాక్సు చేస్తాను, దాటితే వాళ్ళు ఇంకెవరినో చూసుకుంటారు. సంతోషిస్తుందట. మారీశ్వరి కాగితాన్ని మడిచి, వేరుశనగ మిఠాయి పొట్లం కింద పెట్టి, సంచి మూతి ముడేసింది. కాలు విరిచి ఆ చోటు తీసుకున్నదని ఎవరైనా అనరా. ఎవరూ అనరు. అందరూ చప్పట్లు కొట్టి పంపుతారు. అదే భయం. విమానం ఎక్కించి, సముద్రాలు దాటించి, ఆ చుక్క మీద దించితే అక్కడ తనను ఎరిగిన వాళ్ళెవరూ ఉండరు, వినబడిందని తెలిసిన మనిషి ఒక్కతే ఉంటుంది అక్కడ, అది తనే, ఎటు తిరిగినా ఆమే ఎదురుపడుతుంది.

సాత్తూరు స్టాండులో బస్సు ఆగింది. కిటికీల దగ్గరకు దోసకాయలమ్మే వాళ్ళు వచ్చారు, ఉప్పూ కారం చల్లిన ముక్కలు, పక్కనామె కొనుక్కుంటోంది. అవతల కోవిల్‌పట్టి బస్సు నిలబడి ఉంది, ఇంజను ఆగలేదు, సగం ఖాళీ. మారీశ్వరి లేచింది. ఎందుకు లేచిందో తెలియకుండానే లేచి, ఆమె మోకాళ్ళను దాటుకుని, మెట్లు దిగింది. దిగాక ఎంత తేలికగా ఉందంటే ఊపిరి మొత్తం లోపలికి దిగినట్టయింది. గంటలో ఇంట్లో ఉండొచ్చు. బస్సు దొరకలేదనొచ్చు, జ్వరం తిరగబెట్టిందనొచ్చు. కాగితం మీద సంతకం పెట్టి సిస్టర్‌కి ఇచ్చి, చెప్పాను సిస్టర్, సంతోషించింది అనొచ్చు. ఎన్ని అబద్ధాలు చెప్పలేదు ఇప్పటికే, ఇంకొకటి. కాలు అటు వేసింది. చెయ్యి భుజం మీదికి వెళ్ళింది, భుజం మీద సంచి లేదు. సంచి సీటు మీదనే ఉండిపోయింది. కండక్టరు ఈల వేశాడు, బస్సు కదుల్తోంది, ఆ నూలు మూట ఆమె కిటికీలోంచి సంచి పైకెత్తి చూపిస్తూ ఏదో అరుస్తోంది, మారీశ్వరి పరుగెత్తింది. వెనక మెట్టు పట్టుకుని ఎక్కింది. ధైర్యం వచ్చి ఎక్కలేదు, కాగితం ఆ సంచిలో ఉందని ఎక్కింది, ఆ సంగతి తనకు తెలుసు, సీటు దగ్గరకు వెళ్ళి సంచి అందుకుంటే ఆమె "నీకు ఒంట్లో బాగోలేదా అమ్మా, మొహం అట్లా ఉంది" అని జరిగి చోటిచ్చింది. వైప్పారు వంతెన మీద బస్సు పోతుంటే కింద ఇసుక, మధ్యలో సన్నగా నీళ్ళు.

సరే, చూద్దాం, అని తనతో తనే అంది, చూడు ఒకసారి. నల్లమట్టి తేలిన మూల. సెల్వి బంతిని నెట్టింది, బంతి ఆ మట్టిలో పడి ఆగిపోయింది, సెల్వి తిరగబోయి ఎడమ కాలు ఊనింది, ఆ కాలు చీలమండ దాకా దిగబడింది. పీక్కోలేకపోయింది. తల తిప్పి చూసింది, మారీశ్వరి వస్తోంది, ఇంకా నాలుగు అడుగుల దూరం ఉంది. "ఇడిచెయ్యే" అంది. అరుపు కూడా కాదు, మామూలుగా అన్నట్టే అంది, ఆగుతుందన్న నమ్మకంతో. గాలి లేదు. ఆ మధ్యాహ్నం ఆకు కూడా కదల్లేదు. వినబడింది, మాట వినబడింది, అర్థమైంది, ఆగడానికి రెండడుగులు చాలు, నాలుగు ఉన్నాయి. మారీశ్వరి కళ్ళు బంతి మీద లేవు. మట్టిలో దిగబడిన ఆ కొత్త బూటు మీద ఉన్నాయి, దాని తెల్లటి అడుగు అంచు ఒక్కటే మట్టిపైకి కనిపిస్తోంది. అది పోతుంది, నేను పోను, అనుకుంది. మాటల్లో అనుకోలేదు, మాటలకు అంత సమయం లేదు, కానీ అనుకుంది. జారింది. ఎండిన పత్తికట్టె విరిచినట్టు చప్పుడైంది.

ఆమె పక్క సీటు వైపు చూసింది. ఆ మనిషి దోసకాయ ముక్క నములుతూ నిద్రలోకి జారుతోంది. ఏమీ కాలేదు. లోకంలో ఏమీ మారలేదు. విరుదునగర్ వచ్చేసింది.

ఆస్పత్రిలో ఆడవాళ్ళ వార్డు మేడ మీద. మెట్లెక్కుతుంటే డెట్టాల్ వాసన ముక్కుకు కొట్టింది, వరండాలో రోసమ్మాళ్ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది, పదకొండు రోజుల్లో ఆమె బుగ్గలు పీక్కుపోయాయి. "వచ్చినావా తల్లీ, పొద్దుట్నుంచి నీ కోసరమే చూస్తాండాది, ఇంకెవురితోనూ మాట్లాడదు" అని లోపలికి తీసుకుపోయింది. చివరి మంచం. కాలు ఇటుకల మీద ఎత్తి పెట్టిన బద్దల కట్టులో ఉంది, కట్టు మీద టీమ్ పిల్లల సంతకాలు. సెల్వరాణి మొహం చిన్నదైపోయింది. చూసింది, నవ్వలేదు.

"అమ్మా, నువ్వు పోయి టీ తాగి రా" అంది తల్లితో. రోసమ్మాళ్ వెళ్ళేదాకా తలుపు వైపే చూసింది. మారీశ్వరి నిలబడే ఉంది, సంచి మూతి రెండు చేతులతో పట్టుకుని. ఇప్పుడు అడుగుతుంది. ఇప్పుడు.

"కూచో. రేపు ఆపరేషన్" అంది సెల్వరాణి. "లోపల ఇనప కడ్డీ పెడతారంట. మత్తు మందు ఇచ్చి పడుకోబెడతారంట."

మారీశ్వరి కూర్చుంది.

"మా నాయన అట్లనే గదే పోయినాడు. నడుచుకుంటానే లోపలికి పోయినాడు, మల్లీ లెయ్యనేలేదు. నేను బెంచీ మింద కూచోని ఉండా, నాకు గ్యాపకం ఉండాది." ఆమె చెయ్యి చాపి మారీశ్వరి చేతిని పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా, తడిగా ఉంది. "అమ్మతో చెప్తే ఏడుస్తాది. పిల్లోళ్ళు వస్తే నవ్వుతా ఉండాల్సి వస్తాది. అందుకే నిన్ను ఒంటిగా రమ్మంటి. నాకు బయంగా ఉండాదే మారీ."

ఇందుకా. ఇందుకా పిలిచింది. ఏమీ తెలియదు దీనికి, అడగడానికి కాదు, తిట్టడానికి కాదు, భయమేసి పిలిచింది. మారీశ్వరి బతికిపోయాననుకుంది, ఆ మాట అనుకోవడం తనకే స్పష్టంగా వినబడింది, బతికిపోయాను. చేతిని పట్టుకున్న వేళ్ళు బొటనవేలి కింది గాట్ల మీదనే ఉన్నాయి. ఏం కాదులే, నేనుండా గదా అనాలి. అంటే చాలు. ఈ పిల్లకు ఇప్పుడు కావలసింది అదొక్కటే, ఆ ఒక్కటీ ఇచ్చి, ఆపరేషన్ అయ్యాక ఎప్పుడో, లేచాక ఎప్పుడో చెప్పొచ్చు, లేవకపోతే, లేవకపోతే ఇక ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో, అది చూసి మారీశ్వరి అన్నిటికన్నా ఎక్కువ భయపడింది. బూటు వైపు చూసిన కళ్ళే ఇవి. మళ్ళీ అదే చూపు.

"సెల్వీ" అంది. "ఆ పొద్దు నువ్వు ఇడిచెయ్యే అన్నావు గదా."

"అంటి."

"ఇనపళ్ళేదని సారుతో చెప్తి గదా."

"ఊ."

"ఇనపడింది."

సెల్వరాణి మొదట అర్థం కానట్టు చూసింది. పక్క మంచంలో ఎవరో దగ్గారు. పట్టుకున్న వేళ్ళు మెల్లగా వదులయ్యాయి, చెయ్యి మాత్రం అక్కడే దుప్పటి మీద ఉండిపోయింది, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

"ఎందుకే?"

"తెలీదు" అంది మారీశ్వరి. అది కూడా అబద్ధమే. "నువ్వు పోతాండావని. నేను ఈడ్నే ఉండిపోతానని."

సెల్వరాణి కట్టు వైపు చూస్తోంది, సంతకాల్ని ఒక్కొక్కటే చదువుతున్నట్టు. ఏడవలేదు. తిట్టలేదు. తిడితే బాగుండు, చెంప మీద కొడితే బాగుండు. మారీశ్వరి సంచి విప్పింది, మిఠాయి పొట్లం పక్కకు నెట్టి కాగితం తీసి దుప్పటి మీద పెట్టింది. ఇక దాచి ఏం చేయాలి. "ఇది పొద్దున వచ్చింది. నువ్వు పోలేకుంటే నన్ను పంపమంటాండారు. సంతకం పెట్టి రేపు పదికి సిస్టర్ కియ్యాల."

సెల్వరాణి కాగితం విప్పింది. పెదవులు కదుపుతూ చదివింది, ఇంగ్లీషు ఒక్కో మాటా పట్టుకుంటూ, కింది దాకా చదివి మళ్ళీ పై నుంచి చదివింది. మడిచింది. మడిచి తలదిండు కింద పెట్టుకుంది.

"ఇది ఈడుండనీ."

"సరి."

"బయటికి పో."

మారీశ్వరి లేచింది. మంచాల మధ్య నడుస్తుంటే వార్డు పొడుగ్గా సాగిపోయింది, రెండు పక్కలా మొహాలు తననే చూస్తున్నట్టున్నాయి. తలుపు దగ్గరకు వచ్చేసరికి వెనక నుంచి ఆ గొంతు వచ్చింది, ఎవరితోనో మామూలు విషయం చెబుతున్నట్టు.

"ఎనిమిదింటికి తీసకపోతారంట. అమ్మ ఒక్కతే ఉండాది."

తిరిగి చూసింది. సెల్వరాణి మొహం అప్పటికే గోడ వైపు తిప్పేసుకుంది.

వరండాలో పొడుగాటి చెక్క బెంచీ. ఐదు గంటలకు కోవిల్‌పట్టి బస్సుంది, స్టాండుకు పది నిమిషాల నడక. రేపు ఎనిమిదింటికి లోపలికి తీసుకుపోతే ఎంతసేపు పడుతుందో, సిస్టర్ చెప్పిన పది దాటిపోతుంది. మారీశ్వరి బెంచీ మీద కూర్చుంది. మెట్లెక్కి వస్తున్న రోసమ్మాళ్ చేతిలో గ్లాసు, ఆయాసపడుతూ వచ్చి పక్కనే కూలబడింది.

"పోలేదా తల్లీ? చీకటి పడతాది గదా."

"ఈ రాత్రికి ఈడ్నే ఉంటా పెద్దమ్మా."

రోసమ్మాళ్ కళ్ళు తుడుచుకుంది. "నువ్వుంటే నాకు దైర్యం" అని గ్లాసు ఆమె చేతిలో పెట్టింది. టీ సగమే ఉంది, వేడిగా ఉంది. లోపల నుంచి సెల్వి పిలవొచ్చు, అమ్మా, ఒకసారి ఇట్లా రా అని. పిలిచి చెప్పొచ్చు. ఇప్పుడే పిలవొచ్చు, రాత్రి పిలవొచ్చు, రేపు ఎనిమిదింటికి బండి మీద పడుకోబెట్టి తోసుకుపోతూ ఉండగా పిలవొచ్చు. ఆ పిలుపు వస్తే ఈ పక్కనున్న మనిషి లేచి లోపలికి వెళ్తుంది, తిరిగి వచ్చేటప్పుడు ఇదే మొహంతో రాదు. తలుపు సగం తెరిచే ఉంది. మారీశ్వరి టీ ఒక గుక్క తాగి, మిగిలింది రోసమ్మాళ్‌కి ఇచ్చి, ఆ తలుపు వైపు చూస్తూ కూర్చుంది.